సంతకానికీ ముహూర్తానికీ మధ్య

నేను చేసిన ఉద్యోగానికి సరైన పేరు లేదు. మా బోర్డు మీద వీసా సలహాదారులమని రాసి ఉండేది. జనం ఏజెంట్లు అనేవారు. మా పక్కింటాయన చాలాకాలం నన్ను పాస్‌పోర్టులు అచ్చువేసే మనిషనే అనుకున్నాడు. విదేశంలో ఉద్యోగం చేస్తున్నవాడి దగ్గరికి వెళ్ళి కాపురం చేయడానికి భార్యకో, అరుదుగా భర్తకో, వీసా వచ్చేలా చూడటం మా పని. ఈమధ్య ఈ పనిలో చేరిన కుర్రవాళ్ళు కొందరు వచ్చి, మీ రోజుల సంగతులు రాసిపెట్టమని అడిగారు. ఏ కాగితం కింద ఏ కాగితం పెట్టాలో నేను రాయను. ఆ నియమాలు మారుతూనే ఉంటాయి, ఎవరిని అడిగినా చెబుతారు. ఎవరూ చెప్పనిది ఒకటి చూశాను. అది రాస్తాను.

ముందే ఒక మాట చెప్పాలి. నేను దేవుణ్ణి నమ్మను. వయసులో ఉండగా సంస్కరణ సభల్లో గొంతు పోయేదాకా వాదించినవాణ్ణి. పురోహితుడూ ముహూర్తమూ లేకుండా, రిజిస్ట్రారు ముందు సంతకం చేసి పెళ్ళి చేసుకున్నవాణ్ణి. ఇద్దరు ఇష్టపడి సంతకం చేస్తే పెళ్ళి అయినట్టే, మిగిలినదంతా పొగా, నెయ్యీ అని నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. కానీ ఈ దేశంలో ఆ నమ్మకం ఎంత ఒంటరిదో నాకు తెలియజెప్పింది సభలు కావు, ఈ ఉద్యోగం.

మాదాపూర్ మేడ మీద

తొంభైల చివర మాదాపూర్ అంటే సగం బండలు, సగం బోర్డులు. ఒకపక్క గుండ్రటి అద్దాల భవనం లేచింది. దాని చుట్టూ రోడ్ల కోసం బండలు పేల్చేవారు. పేల్చిన ప్రతిసారీ మా ఆఫీసు కిటికీలు గలగల్లాడేవి. మేం ఒక మిఠాయి దుకాణం మేడ మీద ఉండేవాళ్ళం. వీసా వచ్చినవాళ్ళు కింద లడ్డూలు కొనుక్కుని పైకి తెచ్చేవారు. రానివాళ్ళు మెట్లు దిగి, ఆ దుకాణం వైపు చూడకుండా వెళ్ళిపోయేవారు.

మా యజమాని ప్రసాదరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మనిషి. కష్టజీవి, చెడ్డవాడు కాదు. అయితే నిజమన్నది ఆయనకు ఒక సరుకు, అంతే. అవసరమైతే వాడాలి, లేకపోతే పక్కన పెట్టాలి.

"మన పని పెళ్ళిళ్ళు చేయడం కాదండీ మాస్టారూ," అనేవారు నాతో. "పెళ్ళి అయినట్టు కనబడేట్టు చేయడం. అంతకుమించి మీరు ఆలోచించకండి, మీకూ మంచిది, నాకూ మంచిది."

నన్ను మాస్టారు అనడానికి కారణం నేను చేసే పని. ఇంటర్వ్యూకి వెళ్ళేవాళ్ళకు నేను పాఠం చెప్పేవాణ్ణి. అంటే నేనే వీసా అధికారిలా బల్లకు అవతల కూర్చుని ప్రశ్నలు వేసేవాణ్ణి. ఎక్కడ తడబడుతున్నారో చూసేవాణ్ణి. మద్రాసులోని వీసా ఆఫీసుకు వెళ్ళి కిటికీ ముందు నిలబడినప్పుడు గొంతు తడారిపోకుండా ఉండాలని ఇదంతా. చదువుకున్న మగవాళ్ళ కంటే ఆడపిల్లలే త్వరగా నేర్చుకునేవారు. మగవాళ్ళతో వేరే చిక్కు. ఒక ఇంజనీరు మద్రాసు క్యూలో ముందుకు జరగనని మొండికేశాడు. అడిగితే రాహుకాలం అన్నాడు. వెనకవాళ్ళను ముందుకు పంపుతూ పోతే, చివరికి కిటికీ మూసేశారు. ఇతను కంప్యూటరుకు తర్కం నేర్పే ఉద్యోగానికి ఇంగ్లండుకు పోవలసినవాడు.

సొరుగులో నల్లపూసలు

ఆ రోజుల్లో ఒక పద్ధతి ఉండేది. ఇప్పుడూ ఉందంటే ఆశ్చర్యపోను.

సంబంధం కుదురుతుంది. అబ్బాయికి సెలవు దొరికినప్పుడు ముహూర్తాలు ఉండవు. మూఢమనో, శూన్యమాసమనో పంతులు పంచాంగం మూసేస్తాడు. ముహూర్తం దాకా ఆగి, పెళ్ళయ్యాక వీసాకు పెడితే అమ్మాయి నెలల తరబడి ఇక్కడ ఉండిపోతుంది. అందుకని ముందు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి నమోదు చేయించేవారు. ఆ కాగితంతో వీసా పని మొదలవుతుంది. ఆ తర్వాత అబ్బాయి మళ్ళీ వచ్చి, అసలు పెళ్ళి చేసుకుని, పిల్లను వెంటబెట్టుకుని వెళతాడు.

సంతకమే పెళ్ళి అయ్యే చట్టం ఒకటి ఉంది. దాని కింద నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసు గోడ మీద అంటిస్తారు. నెల రోజుల సెలవు ఎవడికుంది? గోడ మీద ఆడపిల్ల పేరు అంటిస్తే ఏ తండ్రి ఊరుకుంటాడు? కాబట్టి అందరూ రెండో దారి పట్టేవారు. హిందూ వివాహ చట్టం కింద, ఫలానా గుళ్ళో మా పెళ్ళి అయిపోయింది, దాన్ని నమోదు చేయండి అని అడిగేవారు. గుడి ముందు దండలు వేసుకుని ఒక ఫోటో దిగేవారు. పెళ్ళి అయిందని వధూవరులు సంతకం చేసేవారు. అబ్బాయి స్నేహితులు ముగ్గురు సాక్షి సంతకాలు చేసి ఇరానీ హోటల్లో చాయ్ తాగి వెళ్ళేవారు. గుళ్ళో ఏ తంతూ జరగలేదని అక్కడున్న అందరికీ తెలుసు.

ఇలా సంతకానికీ ముహూర్తానికీ మధ్య నెలల తరబడి ఉండిపోయే ఆడపిల్లలు మా దగ్గరికి వచ్చేవారు. వీసా ఆఫీసుకు వాళ్ళు భార్యలు. ఇంట్లో కన్నెపిల్లలు. మెడలో ఏమీ ఉండదు. దానికి ప్రసాదరావు గారి దగ్గర ఉపాయం ఉంది. ఆయన బల్ల సొరుగులో ఒక నల్లపూసల దండ, ఒక జత మెట్టెలు ఉండేవి. మద్రాసు వెళ్ళే పిల్లకు ఇచ్చి పంపేవారు, తిరిగి రాగానే తీసుకుని సొరుగులో పెట్టేవారు. ఎందరి మెడల్లోకి ఎక్కి దిగిందో ఆ దండ.

మతం మీద నాకున్న కోపమంతా ఒక ఎత్తు, ఆ సొరుగు మీద కోపం ఒక ఎత్తు. నమ్మకం ఉన్నవాడు తాళి కడితే నేను వాదిస్తాను. నమ్మకం లేకుండా, అవసరానికి, అద్దె వేషంలా వేయిస్తే వాదించడానికి ఏం మిగిలింది?

స్వరూప

హఫీజ్‌పేట్ స్టేషను దగ్గర అంజయ్య అనే ఆయనకు సిమెంటు, ఇసుక దుకాణం ఉండేది. ఊళ్ళో పొలాలు కాలనీలవుతున్న రోజులు, వ్యాపారం బాగా నడిచేది. ఆయనకు ఒక్కతే కూతురు, స్వరూప. డిగ్రీ చదివి, మాదాపూర్‌లోనే ఒక ఆఫీసులో చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ఎక్కడో దూరదేశపు డాక్టర్లు చెప్పిన రోగుల వివరాలు టైపు చేసే పనిలో ఉండేది. ప్రగతి నగర్‌లో ఉండే సుగుణమ్మ కొడుకు నరేందర్‌తో సంబంధం కుదిరింది. అతను ఇంగ్లండులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. సెలవులో వచ్చాడు. మూఢం ఉంది. మాఘంలో ముహూర్తం పెట్టారు. ఎప్పటిలాగే దండలు, ఫోటో, సంతకాలు. అతను విమానమెక్కాడు. తల్లి లక్ష్మమ్మను వెంటబెట్టుకుని స్వరూప మా మెట్లెక్కింది.

మొదటి రోజు నేను బల్లకు అవతల కూర్చుని అధికారి గొంతు పెట్టాను.

"మీ భర్త పొద్దున ఏం తింటాడు?"

"నాకేం ఎరుక సార్. మా ఇంట్ల ఒక్కసారి చాయ్ తాగిండు. చక్కెర తక్కువైందని మళ్ళ ఏయించుకున్నడు."

"అదే చెప్పు. నీకు అతనిలో నచ్చింది ఏమిటి?"

"చక్కెర అడిగేటందుకు సిగ్గుపడలే. గదే నచ్చింది."

ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. తల్లి నవ్వలేదు. నేను తర్వాతి ప్రశ్న వేశాను.

"నీ పెళ్ళి ఎప్పుడు అయింది?"

"కాలే సార్, మాఘంల ఉన్నది."

"రిజిస్ట్రారు ముందు సంతకం చేశావు కదమ్మా. అదే పెళ్ళి. ఇవాళ నువ్వు అతని భార్యవి."

"మీరంటే అన్నరు గని, గా మాట మా అమ్మ ముంగట అనకున్రి," అంది గొంతు తగ్గించి. తల్లి పక్కనే ఉంది, వింటూనే ఉంది.

అప్పుడు ప్రసాదరావు గారు లోపలికి వచ్చి సొరుగు తెరిచారు. నల్లపూసలు బల్ల మీద పెట్టి, "ఇంటర్వ్యూ రోజున ఇది వేసుకోమ్మా. మెడ బోసిగా ఉంటే బాగోదు," అన్నారు.

లక్ష్మమ్మ ఆ దండను వేలితో కూడా ముట్టుకోలేదు. "ఎవరెవరో ఏసుకున్న పూసలు నా బిడ్డ మెడల ఎయ్యనిస్తనా? ముహూర్తం కాకముందే పూసలేందయ్యా? నీకు ఆడపిల్లలున్నరా లేరా?"

"ఉన్నారమ్మా, ఇద్దరు."

"అయితే వాళ్ళకెయ్యి పో."

నాకు లోపల సంతోషం వేసింది. ఆ సొరుగును తిట్టిన మొదటి మనిషి ఆమె. ఆమె కారణం వేరు, నా కారణం వేరు. ఆమె ముహూర్తాన్ని కాపాడుతోంది, నేను నిజాన్ని. ఆ పూట ఇద్దరం ఒక పక్షాన ఉన్నాం అనుకున్నాను.

మద్రాసు కిటికీ

ఇంటికి వెళ్ళాక ఏం జరిగిందో స్వరూప నాకు ఆ తర్వాత చెప్పింది. నా పాఠం లక్ష్మమ్మను కలవరపెట్టింది. జరగని పెళ్ళిని జరిగిందని నోటితో అంటే, ఇక ఆ పెళ్ళి ఎప్పటికీ జరగదని ఆమె భయం. వాళ్ళ వైపు ఎవరికో అలాగే అయిందట. మద్రాసు రైలెక్కే ముందు కూతురి చేతిని తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించింది. "రిజిస్ట్రేషన్ అయింది అను. పెళ్ళి అయింది అని మాత్రం నీ నోట్లకెల్లి రావద్దు. వస్తే నేను నీకు దక్కను."

మద్రాసులో కిటికీ అవతల ఒక ఇంగ్లీషు అధికారి, పక్కన తెలుగు తెలిసిన దుబాసీ. ఎప్పుడు పెళ్ళయిందని అడిగారు. స్వరూప దుబాసీ సాయం లేకుండానే జవాబు చెప్పింది. రిజిస్ట్రేషన్ అయింది, పెళ్ళి మాఘంలో ఉంది.

అధికారి సర్టిఫికెట్ చూపించి, ఇందులో ఫలానా గుళ్ళో పెళ్ళి జరిగిందని ఉందే, అప్పుడేం జరిగింది అన్నాడు. దండలు వేసుకుని ఫోటో దిగినం అంది. పురోహితుడు ఉన్నాడా? లేడు. మీ తల్లిదండ్రులు ఉన్నారా? లేరు. నిన్ను నువ్వు భార్యవనుకుంటున్నావా?

"దానికేమన్నావమ్మా?" అని అడిగాను, ఆమె తిరిగి వచ్చాక.

"ఏమనాలె సార్? మాఘంల అయితనని చెప్పిన."

వీసా నిరాకరించారు. పెళ్ళి జరిగిందన్న కాగితమూ, జరగలేదన్న మనిషీ ఒకే కిటికీ ముందుకు వస్తే ఆ అధికారి ఏం చేస్తాడు? అతని చోట నేనున్నా అదే రాసేవాణ్ణి. కాబోయే భార్యగా మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చని కూడా చెప్పాడట. దారి పూర్తిగా మూసుకుపోలేదు. ప్రసాదరావు గారు మాత్రం నెత్తి కొట్టుకున్నారు.

"ఒక్క ముక్క, మాస్టారూ! అయిందండి అంటే పోయేది. ఇన్నాళ్ళు ఏం నేర్పారండీ మీరు?"

"నేర్పాల్సింది నేర్పాను. ఆ పిల్ల తనకు తెలిసిన నిజం చెప్పింది."

"ఆ నిజంతో విమానం ఎక్కమనండి మరి."

ఇంటర్వ్యూలో అబద్ధమాడి దొరికినవాళ్ళను చాలామందిని చూశాను. నిజం చెప్పి దొరికిన మనిషిని మొదటిసారి చూశాను.

ప్రగతి నగర్‌లో ఒక చాయ్

నరేందర్ తల్లి సుగుణమ్మ మాఘం దాకా ఆగలేదు. మొదటి మెట్టు దగ్గరే కాలు జారింది, ఈ పిల్ల కాలు మంచిది కాదు అని కబురు పంపింది. అంజయ్య తనతో రమ్మని నన్ను బతిమాలాడు. చదువుకున్నవాడు చెబితే వింటారేమోనని ఆశ. వెళ్ళాం.

సుగుణమ్మ చాయ్ ఇచ్చి, మర్యాదగానే మాట్లాడింది. "మీ పిల్ల మంచిదే అన్నా, ఎంచేటందుకేం లేదు. గని అంత దూరం పోయి, గంత పెద్ద సాబ్ ముంగట పెళ్ళి కాలేదని చెప్పి వచ్చింది. గా నోటితోనే తెంపుకున్నది. మేమేం తెంపలే."

అంజయ్య తల వంచుకుని కప్పు వంక చూస్తున్నాడు. నేను ఉండబట్టలేకపోయాను.

"అమ్మా, మీ కొడుకు రిజిస్ట్రారు ముందు సంతకం చేశాడు. ప్రభుత్వం ముద్ర వేసింది. కాగితం మీద ఆమె మీ కోడలు."

"కాగితం మీది కోడలైతే కాగితాన్నే పంపున్రి సారూ. బీరువల పెట్టుకుంటం."

లోపలి గదిలో ఎవరో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. సభల్లో ఎందరో పండితుల నోరు మూయించానని గర్వపడినవాణ్ణి, చాయ్ కప్పు కింద పెట్టి లేచాను.

తిరిగి వస్తూ చెరువు పక్కన నడుస్తుంటే, అంజయ్య ముఖం నేననుకున్నంత దిగులుగా లేదు.

"పోనీ తియ్యి సారూ," అన్నాడు. "పెళ్ళే కాకపాయె కద. పెండ్లయినంక గిట్ల జేసుంటే ఏం జేస్తుంటిమి? జర నయమే ఆయె. కాగితం చింపేస్త, ఇంకో సంబంధం చూస్త."

"చింపితే పోదు అంజయ్యా. ఆఫీసు పుస్తకంలో ఉంది. ఇంకో పెళ్ళి చేస్తే, మొదటి మొగుడు ఉండగా రెండో పెళ్ళి చేసుకుందని ఎవడైనా కేసు పెట్టవచ్చు."

ఆయన ఆగిపోయాడు. "మొగుడా? తాళే కట్టలే, వాడు మొగుడెట్లయితడు సారూ?"

కూతురి పెళ్ళి ఆగిపోయినందుకంటే, ఆ ఒక్క మాటకే ఆయన ఎక్కువ కుంగిపోయాడు.

ఆ తర్వాత నరేందర్ ఒకసారి మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. దుర్మార్గుడైతే తిట్టి పెట్టేసేవాణ్ణి. పిరికివాడు, అదే కష్టం.

"నేనేం జెయ్యాలె సార్? అమ్మ అన్నం ముడతలేదు."

"సంతకం మీ అమ్మ చేయలేదు నాయనా, నువ్వు చేశావు."

"గది వీసా కోసం కద సార్."

చదువుకున్నవాడు, ఊళ్ళు దాటినవాడు, రోజంతా తర్కంతో పనిచేసి అన్నం తినేవాడు. తన సంతకానికి తన చేతిలో ఉన్న విలువ అది. నేను ఫోన్ పెట్టేశాను.

వకీలు చెప్పింది

స్వరూప ఒక సాయంత్రం డ్యూటీ దిగి తనే మా ఆఫీసుకు వచ్చింది. తల్లి లేదు, తండ్రి లేడు. ఏడవలేదు.

"సార్, మా నాయిన పెళ్ళి కాలేదంటడు. మీరు అయిందంటరు. గాయన వీసా కోసమంటడు. నేనేందో ఒకటి తేలాలె. ఎవలనడగాలె?"

నాకు తెలిసిన ఒక వకీలు దగ్గరికి తీసుకువెళ్ళాను. కుటుంబ కేసుల్లో చేయి తిరిగిన ఆడమనిషి, ముక్కుసూటి మనిషి. ఫోటో చూసింది, సర్టిఫికెట్ చూసింది, కళ్ళజోడు తీసింది.

"ఏడడుగులు నడిచినవా?"

"లేదు మేడం."

"తాళి?"

"లేదు."

నేను అందుకున్నాను. "అదంతా ఎందుకండీ? ఇద్దరూ యుక్తవయసు వాళ్ళు, ఇష్టపడి సంతకం చేశారు. నమోదు అయింది. ఇంతకంటే ఏం కావాలి?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "మీ సభలల్ల మాట్లాడుకునేటప్పుడు గిట్లనే మాట్లాడుకోండి, వినసొంపుగ ఉంటది. ఈ చట్టం కింద తంతు జరిగితేనే పెళ్ళి. రిజిస్ట్రేషన్ అనేది ఆ జరిగినదానికి సాక్ష్యం, అంతే. జరగనిదానికి సాక్ష్యమేంది? అవతల వకీలు ఒక్కటే ప్రశ్న అడుగుతడు, కేసు పడిపోతది."

జీవితమంతా పురోహితుడి మీద యుద్ధం చేసి, చట్టం నా వైపు ఉందనుకుని ధీమాగా ఉన్నవాణ్ణి. చట్టం పుస్తకం తెరిచి చూస్తే లోపల పురోహితుడే కూర్చుని ఉన్నాడు.

వకీలు ఆ పిల్లకు రెండు దారులు చెప్పింది. మొదటిది, భార్యనని నిలబడటం. గుళ్ళో తంతు పూర్తిగా జరిగిందని కోర్టులో ప్రమాణం చేసి చెప్పాలి. ఫోటో ఉంది, సాక్షి సంతకాలు ఉన్నాయి, నమ్ముతారు. మనోవర్తి వస్తుంది, కనీసం అవతలివాళ్ళు దిగివస్తారు. రెండోది, పెళ్ళే జరగలేదని తీర్పు అడగటం. అందుకు తను ముందు చేసిన సంతకం అబద్ధమని ఒప్పుకోవాలి. రూపాయి రాదు, పేరు పోతుంది.

"మొదటిదే మంచిది," అంది వకీలు. "అందరు అదే చేస్తరు."

స్వరూప కాగితాలను వకీలు వైపు జరిపింది. "మద్రాసుల నిజం చెప్పి వచ్చిన మేడం. ఇక్కడ అబద్ధం చెప్పేదుంటే అక్కడ్నే చెప్తుంటి కద. ఈపాటికి పోయి కాపురం చేసుకుంటుంటి."

వకీలు కళ్ళజోడు పెట్టుకుని రెండో దారి కాగితాలు రాయడం మొదలుపెట్టింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు

కేసు నడుస్తుండగానే నేను ప్రసాదరావు గారితో గట్టిగా మాట్లాడాను. ఇకమీదట తంతు జరగని జంటలను జరిగినట్టు రాయించి నమోదు చేయించవద్దు, కాబోయే భార్యగా పంపుదాం, లేదా నోటీసు ఇచ్చి సంతకంతోనే పెళ్ళి చేయిద్దాం అన్నాను. ఆయన శాంతంగా విన్నారు.

"మనం మానేస్తే పక్క మేడ మీదవాడు చేస్తాడండీ. జనానికి కావలసింది మీ సత్యం కాదు, మాఘంలోగా వీసా."

ఆయన అన్నదాంట్లో తప్పు పట్టలేకపోయాను. నేను మాత్రం అలాంటి జంటలకు పాఠం చెప్పడం మానేశాను. దానివల్ల ఎవరికీ ఏ మేలూ జరగలేదు. ఆ పని ఇంకొకరు చేశారు. సొరుగులో దండ అలాగే తిరుగుతూ ఉంది.

మీకు నేను చెప్పేది ఇంతే. మీ ముందు ఒక అమ్మాయి వచ్చి కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్న ఆమె భర్త జీతం గురించి అడగకండి. మీ ఇంట్లో నీ పెళ్ళి అయినట్టా, కానట్టా అని అడగండి. తర్వాత ఆమె తల్లిని అడగండి. ఇద్దరూ ఒక జవాబు చెప్పకపోతే ఆ దరఖాస్తు ముట్టుకోకండి. వీసా ఆఫీసూ, రిజిస్ట్రారూ, పంచాంగమూ, అత్తగారూ ఒక ఆడపిల్లను నాలుగు రకాలుగా చూస్తారు. ఆ నాలుగింటి మధ్యా ఆమె నిలబడే జానెడు చోటును మీరే లాగేస్తున్నారేమో చూసుకోండి.

నిజం చెబితే మేలు జరుగుతుందని నేను మీకు చెప్పను. వేదికల మీద చాలాసార్లు చెప్పాను. స్వరూపను చూశాక చెప్పలేదు. నిజం చెప్పాలి, అది నిజం కాబట్టి. మేలు సంగతి వేరు.

తీర్పు రోజు

రెండు మాఘాలు గడిచాక తీర్పు వచ్చింది. నరేందర్ రాలేదు, అతని తరపున ఎవరూ రాలేదు. అతనికి అప్పటికే ఇంకో సంబంధం కుదిరిందని విన్నాం. సాక్ష్యం చెప్పిన రోజున జడ్జిగారు స్వరూపను ఒక్కటే సూటిగా అడిగారు. పెళ్ళి జరగకపోతే జరిగిందని ఎందుకు సంతకం చేశావు? చదువుకున్నదానివి కదా?

"అందరు చేస్తరు సార్," అంది. "వీసా కోసం."

జడ్జిగారు తప్పు అని మందలించి, రాసుకున్నారు.

తీర్పు రోజున లక్ష్మమ్మ కోర్టు వసారాలో బల్ల మీద కూర్చుని ఉంది. ఈ రెండేళ్ళలో ఆమె నాతో మాట్లాడలేదు. హఫీజ్‌పేట్‌లో స్వరూపను పెళ్ళయి తిరిగొచ్చిన పిల్ల అంటున్నారు. వచ్చిన రెండు సంబంధాలూ రెండో పెళ్ళివాళ్ళవి. ఎవరికీ మూఢం గురించి, సంతకం గురించి వివరించే ఓపిక లేదు, వినే ఓపిక అంతకంటే లేదు.

స్వరూప లోపలినుంచి వచ్చింది. ఆఫీసుకు పోవాలి, భుజాన సంచి ఉంది. తల్లి లేచి నిలబడింది.

"ఏమాయె బిడ్డా?"

"నాకు పెళ్ళే కాలేదట అమ్మా. ఎన్నడు కాలేదట. నువ్వన్న మాటే కోర్టు రాసింది."

లక్ష్మమ్మ ముఖంలో ఒక్క క్షణం వెలుగు వచ్చింది. ఒట్టు నిలిచిందన్న వెలుగు. "నేను చెప్పలేదా?" అన్నట్టు నా వైపు చూసింది. అంతలోనే కూతురి బోసి మెడ వైపు చూపు పోయింది, ఆ వెలుగు అక్కడే ఆరిపోయింది. చెయ్యెత్తి కూతురి తల మీద పెట్టబోయింది.

స్వరూప ఆ చేతిని మధ్యలోనే పట్టుకుని, మెల్లగా కిందికి దించింది.

"తల మీద చెయ్యి పెట్టకు అమ్మా," అంది. "బస్సు పోతది, నడు."